విరగ్గొట్టిన పాలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో పాలు ఏడుసార్లు విరిగాయి. ఏడుసార్లూ మేమే విరగ్గొట్టాం.

నారాయణఖేడ్‌లో నలభై ఏళ్లు ఇంటింటికీ పాలు పోసినవాణ్ని నేను. ఈ అహరోను పోసిన పాలు విరిగాయని ఒక్క ఇల్లాలు కూడా నన్ను గడప దగ్గర నిలబెట్టి అడిగింది లేదు. అలాంటిది, నా బర్రె పాలలో, నా ఇంట్లోనే నిమ్మకాయ పిండుతుంటే గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను? మాట ఇచ్చింది నేనే.

రెండువేల పన్నెండు అది. మార్చి ఆఖర్లో కొడుకు స్టాన్లీ, కోడలు నర్మద, ఐదేళ్ల మనవరాలు దీవెన హైదరాబాద్ నుంచి సామాను కట్టుకుని వచ్చేశారు. స్టాన్లీ మనూర్ రూట్లో ఆటో వేసుకున్నాడు. నర్మదది నాగల్‌గిద్ద, కన్నడ సరిహద్దు ఊరు. పట్నంలో ఒక పిజ్జా హోటల్ వంటింట్లో ఆరేళ్లు పనిచేసిన పిల్ల, ఊరికే కూర్చోవడం రాదు. వచ్చిన మూడో రోజే బస్టాండ్ దగ్గర బేకరీ నడిపే అంబదాస్‌ను కలిసి, దుకాణంలో ఒక బల్ల ఇస్తే సాయంత్రం పూట పిజ్జాలు చేస్తానని అడిగి వచ్చింది.

మరునాడు పాలు పోయడానికి వెళితే అంబదాస్ నన్ను ఆపాడు.

"కాకా, నీ కోడలు మంచిగనే మాట్లాడుతది. గని నాకు భయమైతుంది. పోయినేడు ఒకడొచ్చిండు. రొట్టె మీద ఎర్ర సాసు పూసి, ఉల్లిగడ్డ చల్లి, గిదే పిజ్జా అన్నడు. పిలగాండ్లు నా మొకం మీదనే నవ్విన్రు. టీవీల చూస్తున్నరు గద! ముక్క లేపితే తీగలు సాగాలె."

"సాగుతది," అన్నాను.

"ఎట్ల సాగుతది? ఆ చీజు పట్నం నుంచి రావాలె. వచ్చినా ఫ్రిజ్‌ల ఉండాలె. మన కరెంటు సంగతి నీకు తెల్వదా?"

"ఊరి నిండ బర్రెలున్నయి. పట్నం పోవుడేంది? పాలు నాయి, చెయ్యి నా కోడలిది. సాగుతది."

నేను మాటలు నిదానంగా అంటాను. నిదానంగా వచ్చిన మాటకు జనం బరువెక్కువ అనుకుంటారు. అంబదాస్ కూడా అలాగే అనుకున్నాడు.

"సరే. జూన్‌ల బడులు తెరిచే లోపల నాకు తినిపియ్యున్రి. లేకుంటే ఆ బల్ల మిర్చిల బండోనికి ఇస్త. రోజూ అడుగుతుండు."

ఇంటికొచ్చి చెబితే నర్మద నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి, "మామా, ఇది కాకుంటే మల్ల పట్నమే," అంది. హోటల్‌వాళ్లు జూన్‌లో రమ్మని అప్పుడే ఫోన్ చేశారట. అక్కడ డ్యూటీకి పోతూ దీవెనను పక్కింట్లో వదిలేది. ఒకరోజు వచ్చేసరికి పక్కింటికి తాళం, పిల్ల గేటు బయట ఒక్కతే కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచో పిల్లకే తెలియదు. "బేకరీల బల్ల దొరికితే నా పిల్ల నా కండ్ల ముందుంటది. నాకు అంతే గావాలె," అంది.

నా భార్య అమృతమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటోంది.

రొట్టె విషయంలో నర్మదకు తిరుగులేదు. మైదా కలిపి, బేకరీ నుంచి ఈస్ట్ తెచ్చి వేసి, తడిబట్ట కప్పితే గంటలో దిండులా పొంగేది. భట్టీ లేదు కాబట్టి జొన్న రొట్టెల పెనం మీద పెట్టి, పైన ఇనుప మూత బోర్లించి, ఆ మూత మీద నిప్పులు పోసేది. కింద కాలేది, పైన కాలేది. చిక్కంతా రొట్టె మీద ఏం పూయాలి, ఏం చల్లాలి అన్నదే.

ముందు సాసు. అంబదాస్ పఫ్‌లతో ఇచ్చే సీసా సాసు పూసింది. దీవెన నాలుగు ముక్కలు తింది. నేను ఒక్కటి తిని, "గిది పెండ్లి కేకు తీరుగ ఉన్నది, తియ్యగ," అన్నాను. రెండోసారి పచ్చి టమాటలు ఉడికించి పూసింది. రుచి బాగుంది కానీ నీళ్లు దిగి రొట్టె నడుమ బురదైంది. నర్మద గరిటె వెనక్కి తిప్పి, దాని మీద వేలితో గీత గీసి చూపించింది. "ఈ గీత గిట్లనే ఉండాలె మామా. ఇరుపక్కల నుంచి సాసు వచ్చి కలిస్తే పనికిరాదు." గీత నిలవలేదు. ఇంకా ఉడికిస్తే మాడు వాసన వచ్చింది.

అప్పుడు అమృతమ్మ లేచింది.

"ఆరేండ్లు పట్నంల పనిచేసినవ్, టమాటల నీళ్లెట్ల తీస్తరో నేర్పలేదా వాండ్లు?"

"డబ్బాల వస్తుండె అత్తా. మూత తీసి పోసుడే."

"గట్లనా. మూత తీసుడు నేర్చుకొచ్చినవన్నట్టు."

అటక మీది నుంచి ఒక కుండ దింపింది. మాఘమాసంలో టమాటలు అడిగేవాడు లేనప్పుడు కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద ఎండబెట్టిన ఒరుగులు. వేడినీళ్లలో నానబెట్టి, ఎల్లిపాయ, ఎండుమిర్చి వేసి రోట్లో మెత్తగా నూరింది. కుసుమ నూనెలో వేయించి, దించే ముందు చిటికెడు వాము నలిపి వేసింది. నర్మద గరిటె తిప్పి గీత గీసింది. గీత అలాగే నిలిచింది. వేలు నాకి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది.

"అత్తా, మా హోటల్ల గీ రుచి లేదు."

"ఉండదు. వాండ్లకు మిద్దె లేదు గద," అంది అమృతమ్మ. గొంతులో మాత్రం పొగరు దాగలేదు.

సాసు అక్కడికి తేలిపోయింది. చీజు తేలలేదు.

మొదట అంబదాస్ దుకాణంలో దొరికే చీజు బిళ్లలు తురిమి చల్లింది. కరిగాయి కానీ కొవ్వొత్తి కరిగినట్టు కరిగి, చల్లారాక పెంకు కట్టాయి. తర్వాత పన్నీర్. అది కరగను కూడా లేదు, ఎక్కడ పెట్టిన ముక్క అక్కడే కూర్చుని మాడింది. ఆ తర్వాత స్టాన్లీ పట్నం పోయి అసలు చీజే తెచ్చాడు. టిఫిన్ డబ్బాలో ఐసు నింపి, దాని మధ్య ప్యాకెట్ పెట్టుకుని బస్సెక్కాడు. మే నెల. దారిలో బస్సు టైరు పోయింది. ఇల్లు చేరేసరికి ఐసు లేదు, ప్యాకెట్ ఉబ్బి బెలూన్ అయ్యింది.

"ఏందిరా, దీనికి కడుపైంది?" అన్నాను.

"నాయ్నా, నవ్వకు. నాలుగు గంటలు ఒళ్లె పెట్టుకోని కూసున్న," అన్నాడు వాడు. కుక్క కూడా దాన్ని వాసన చూసి వెళ్లిపోయింది.

ఇక నా పాలే గతి. హోటల్లో నర్మదకు పని నేర్పిన పెద్దవంటవాడు సంగమేశ్వర్‌ది బీదర్. చీజంటే ఏమీ లేదు, బర్రె పాలు విరగ్గొట్టి, ముద్ద చేసి, వేడినీళ్లలో సాగదీయడమే అని ఎప్పుడో చెప్పాడట. ఆ మాట పట్టుకుని మొదలుపెట్టింది. నిమ్మరసంతో రెండుసార్లు, నూడుల్స్ బండివాడి దగ్గర తెచ్చిన వెనిగర్‌తో మూడుసార్లు. ఐదుసార్లూ పాలు చక్కగా విరిగాయి. ఐదుసార్లూ ముద్ద వేడినీళ్లలో వేస్తే ఇసుకలా రాలిపోయింది. రాలినదంతా బెల్లం కలిపి దీవెన తింది. మే ఇరవై దాటింది. మిర్చి బండివాడు బేకరీలోకి వచ్చి బల్ల పొడుగు జానతో కొలుచుకుని పోయాడని స్టాన్లీ చెప్పాడు.

"మామా, నీ పాలల్లనే ఏమన్న ఉందేమో," అంది నర్మద మెల్లగా.

"నా పాలల్ల పాలే ఉన్నయి," అన్నాను. నాకు రోషం వచ్చింది. "ఆ బీదరాయనకు ఫోన్ కొట్టు. ఏడ తప్పుతున్నమో అడుగు."

ఫోన్‌లో ఆయన కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు. నర్మద "హా, హా" అంటూ వింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"హసి హాలేనా అని అడుగుతుండు మామా. పచ్చి పాలేనా అని. కాగిన పాలు సాగయట. ఎన్నడు సాగయట."

నేను గోడకు ఇంకాస్త ఆనుకున్నాను.

మా ఇంట్లో పచ్చి పాలు ఉండవు. నేను పిండిన చెంబు కొట్టం నుంచి గడప లోపలికి వచ్చిందంటే తిన్నగా పొయ్యి మీదికే. మూడు పొంగులు రావాలి. ఆ తర్వాతే ఎవరైనా ముట్టుకోవాలి. ముప్పై అయిదేళ్లుగా అంతే. అది ఎంత అలవాటంటే, ఐదుసార్లు విరగ్గొట్టిన పాలు కాగినవని మాకు ఎవరికీ తట్టనే లేదు. మా ఇంట్లో పాలంటేనే కాగిన పాలు.

ఎందుకో నర్మదకు తెలియదు. అప్పుడు చెప్పాను. మా మొదటి పిల్లవాడు సొలొమోను. మూడేళ్లు. నేను పాలు పిండుతుంటే గిన్నె పట్టుకుని పక్కన నిలబడేవాడు. నురుగు పాలు, పొదుగు వేడి పోకముందే వాడికి పట్టేవాణ్ని. బలమని. ఒక ఆషాఢంలో జ్వరం, వాంతులు. మిషన్ దవాఖానలో పుష్పమ్మ సిస్టర్ తొమ్మిది రోజులు చూసింది. పదోరోజు పిల్లవాడు కన్ను మూశాక నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి తీసుకపోన్రి. ఇగనుంచి పాలు మాత్రం కాగబెట్టకుంట ఎవ్వరికి పట్టకున్రి," అంది. అమృతమ్మ అక్కడే నిలబడి వింది. గిన్నె పట్టింది నేనని ఆమె ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. పాలు కాచడం మొదలుపెట్టింది, అంతే.

నర్మద కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నేను కొట్టంలనే నీకో చెంబు ఇస్త," అన్నాను గొంతు తగ్గించి. "అత్తకు చెప్పకు. పెరట్ల చేసుకో."

"వద్దు మామా. మూడు పొంగులు ఎందుకో తెల్వకముందు అయితే చేద్దునేమో. ఇప్పుడు చెయ్య."

లేచి తిన్నగా అమృతమ్మ దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. నర్మద ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పచ్చి పాలు కావాలని, కాగినవి సాగవని, ఆమె వద్దంటే స్టాన్లీతో పాటు పట్నం పోతానని. దేబిరించలేదు. చెప్పింది, అంతే.

అమృతమ్మ చేట కింద పెట్టింది. "ఎంత వేడి పెడుతవ్?"

"మొదలు గోరువెచ్చగ. ముద్దయినంక చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లల్ల. మల్ల పెనం మీద, పైన నిప్పులు."

"మూడుసార్లన్నట్టు."

"మూడుసార్లు అత్తా."

అమృతమ్మ మళ్లీ చేట అందుకుంది.

మరునాడు తెల్లవారి నేను కొట్టంలోకి వెళ్లేసరికి ఆమె నాకంటే ముందే అక్కడ ఉంది. బర్రె పొదుగు వేడినీళ్లతో కడిగి తుడుస్తోంది. తళతళలాడే చెంబు నా చేతికిచ్చింది. పిండాను. చెంబు తీసుకుని, మీద తెల్లని బట్ట కట్టి, ఇంట్లోకి నడిచింది. పొయ్యి దాటింది. నర్మద కూర్చునే పీట ముందు చెంబు పెట్టి, తాను పక్కన కూర్చుంది.

నర్మద పాలు వెచ్చబెట్టింది, వెనిగర్ పోసింది, కలిపింది. ముద్దను గుడ్డలో పిండి వేడినీళ్ల గిన్నె ముందు పెట్టుకుంది. అమృతమ్మ ఆమె చెయ్యి పక్కకు నెట్టి తన చెయ్యి నీళ్లలో ముంచింది. రెండంకెలు లెక్కపెట్టే లోపల బయటికి లాగింది. ఎర్రగా కందింది.

"సాలదు. ఇంకింత కాగనియ్యి."

ఇంకా కాచారు. ఈసారి ముద్ద నీళ్లలో పడి, రాలలేదు. మెత్తబడింది. నర్మద ఒక కొస, అమృతమ్మ ఒక కొస పట్టుకుని లాగారు. సాగింది. గజం పొడుగు సాగింది. మడిచి మళ్లీ లాగారు, పట్టుబట్టలా మెరిసింది. దీవెన చప్పట్లు కొట్టింది.

పిజ్జా పెనం దిగింది. ముక్క కోసి లేపితే తీగలు. దీవెన చెయ్యి చాపింది.

"ఆగు," అంది అమృతమ్మ. ఆ ఒక్క మాటకు ఇల్లంతా ఆగింది. "ముందు నేను తింట. రెండొద్దులు చూడున్రి. నాకేం గాకుంటె అప్పుడు పిల్లకు పెట్టున్రి."

"అవ్వా, గిదేం లొల్లి..." అన్నాడు స్టాన్లీ.

"నువ్వు నోర్ముయ్యి. నీకు తెల్వదు."

ఆమె ముక్క చేతిలోకి తీసుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాకు గూడ పెట్టు," అన్నాను.

అమృతమ్మ నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నలభై ఏళ్లు ఒక ఇంట్లో ఉండి, ఆ చూపు నేను అంతకుముందు ఎరగను. తర్వాత తన ముక్క రెండుగా తుంచింది. నడుమ తీగ సాగింది. దాన్ని వేలితో తెంపి, పెద్ద సగం నాకిచ్చింది. ఇద్దరం తిన్నాం. మిగిలిన చీజు ముద్దను నర్మద ఉప్పునీళ్లలో వేసి, తడి ఇసుకలో పెట్టిన కుండలో దాచింది.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో మా ఇద్దరికీ ఉన్న మర్యాద ఏ పెళ్లికొడుక్కీ ఉండదు. స్టాన్లీ దవాఖానకు పోయి ఉప్పు చక్కెర పొడి ప్యాకెట్లు తెచ్చి గూట్లో పేర్చాడు. నర్మద గంటకోసారి మా నుదుటి మీద చెయ్యి వేసింది. నేను చెంబు పట్టుకుని పెరట్లోకి లేస్తే ఇంటిల్లిపాదీ లేచి నిలబడింది.

"ఏమైంది మామా?"

"ఏంగాలే. రోజూ పోతలేనా?"

"ఎట్లుంది నాయ్నా?"

"ఎట్లుంటదిరా! వచ్చి చూస్తవా?"

అమృతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రాత్రి అన్నం దగ్గర నర్మద, "అత్తా, సొలొమోనుకు ఏం ఇష్టముండె?" అని అడిగింది. నా చేతిలో ముద్ద ఆగింది. అమృతమ్మ మాత్రం తడుముకోలేదు. "మీగడ," అంది. "గిన్నెల వేలు పెట్టి నాకుతుండె. వీళ్ల నాయ్న తీరుగనే దొంగ." ఆ తర్వాత పులుసు పోసుకుని తినసాగింది. నేనూ తిన్నాను.

మూడోరోజు పొద్దున ఆమె అందరికంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి, తల దువ్వుకుని, దీవెనను ఒడిలో కూర్చోబెట్టుకుంది. నర్మద కుండలోని చీజు తురిమి పిజ్జా కాల్చింది. మొదటి ముక్క తానే ఊది, పిల్ల నోట్లో పెట్టింది. తీగ పిల్ల గదవ మీద అతుక్కుంటే కొంగుతో తుడిచింది.

ఆ మధ్యాహ్నమే అంబదాస్‌ను పిలిచాం. మే ఇరవై ఎనిమిది. ఎండకు మొహం కందిపోయి వచ్చి, మంచం మీద కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. ముక్క లేపాడు. లేపుతూ లేపుతూ చెయ్యి తల దాకా పోయింది. తీగ తెగలేదు, మీసానికి చుట్టుకుంది. నమిలాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. మూడోది తిన్నాక గాని మాట రాలేదు.

"కాకా, ఈ ఎర్రది ఏంది?"

"మిద్దె," అన్నాను.

"ఆఁ?"

"తర్వాత చెప్త. సాగిందా లేదా?"

"సాగింది. మా అవ్వ తోడు, సాగింది. బల్ల నీ కోడలిదే. మిర్చిలోనికి ఇయ్యాలనే చెప్త. రేపటి సందె మొదలుపెట్టున్రి. జల్దీ చెయ్యాలె, పిలగాండ్లకు ఇంక సెలవులే ఉన్నయి."

నర్మద కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"రేపు గాదన్నా. నువ్వు తిన్నది మొన్నటి ముద్ద. బల్ల కోసం చేసింది ఇయ్యాల పొద్దుగాల చేసిన. దాన్ల నుంచి అత్త ఇప్పుడే ఒక ముక్క తిన్నది. ఎల్లుండి గాని బయటికి రాదు."

అంబదాస్‌కు ఏమీ అర్థం కాలేదు. పళ్లెం పట్టుకుని ఆమెను చూశాడు, అమృతమ్మను చూశాడు.

"గిదేం పద్ధతి? రోజూ గిట్లనేనా?"

"రోజూ గిట్లనే," అంది అమృతమ్మ, తల ఎత్తకుండానే. "ఊరి పిలగాండ్లు తింటరు గద."

ఆయన ఇక నా వైపు తిరిగాడు, నేనైనా ఒక మాట చెప్పి ఒప్పిస్తానని. నేను ఎప్పటిలాగే నిదానంగా గొంతు సవరించుకున్నాను.

"బల్ల తుడిచి పెట్టు అంబదాసూ. ఎల్లుండి వస్తది."